మూడు దారుల పాయింటు

ఆకుపచ్చ రంగేసిన బల్ల మీద, చిన్న పట్టాల పక్కన, బొటనవేలంత ఎర్రటి మరక ఉంది. అది ఎవరి చేతి మరకో ఆ హాల్లో ఒక్క బాలనర్సయ్యకే తెలుసు. తెలిసీ ఆయన నోరు విప్పలేదు.

శుక్రవారం పొద్దున పదకొండు కావస్తోంది. మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలో అది నాలుగో అంతస్తు. రైళ్లను ఏ పట్టా మీదికి మళ్లించాలో కంప్యూటరే చూసుకునే ప్రోగ్రామును తయారుచేసే కంపెనీ. సోమవారం నాడు జపాను నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. వాళ్లకు ఉత్త కాగితాలు చూపిస్తే ఏం బాగుంటుందని, పన్నెండడుగుల బల్ల మీద బొమ్మ రైలు దారి కట్టించారు. స్టేషను, సిగ్నళ్లు, సొరంగం అన్నీ ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా కష్టమైన ముక్క బాలానగర్‌లోని రామచంద్రం వర్క్‌షాపుకు వచ్చింది. ఒకే దారి ఒకే చోట ఎడమకు, నేరుగా, కుడికి మూడుగా చీలాలి. పట్టాలు అట్లా చీలే చోటునే పాయింటు అంటారు. దాన్ని చేసింది బాలనర్సయ్య. ఇరవై ఆరేళ్లుగా ఆకురాయి పట్టిన చెయ్యి ఆయనది.

ఆ పొద్దున కంప్యూటరు ముందు స్రవంతి కూర్చుంది. ప్రోగ్రాము రాసిన పిల్ల, రాజమండ్రి నుంచి వచ్చి ఏడాదయింది. ఆమె మీట నొక్కితే ఇంజను నేరు దారిలో పోయి వచ్చింది. ఎడమ దారిలో పోయి వచ్చింది. మేనేజరు మహేందర్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. మూడోసారి కుడి దారికి పంపింది. ఇంజను పాయింటు మీదికి వచ్చేసరికి ముందు చక్రాలు ఒక దిక్కు, వెనక చక్రాలు ఇంకో దిక్కు పట్టి, అడ్డంగా తిరిగి, దడదడలాడి ఆగిపోయింది. బల్ల మీది దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

మహేందర్ వంగి చూశాడు. మరక మీద వేలు పెట్టి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కుంకుమ. ఎవరు చేశారిది?"

పొద్దున్నే హాల్లోకి ఎవరొచ్చారని అడిగితే, పాయింటు బిగించిన మేస్త్రీ కాక ఊడ్చే యాదమ్మ తప్ప ఎవరూ రాలేదని హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చెప్పాడు. బల్లను ముట్టుకోవద్దని వాళ్లకు ముందే గట్టిగా చెప్పి ఉంచారు. యాదమ్మను పిలిపించారు. శుక్రవారం కదా, ఆమె నొసటి మీద రూపాయి బిళ్లంత బొట్టుంది. పాదాలకు పసుపుంది. ఇంకేం కావాలి?

"నేను పెట్టలే సారు," అన్నదామె.

ఇది గుడి కాదని, లక్షల సామాను మీద పూజలేమిటని మహేందర్ అంటుంటే ఆమె అదే మాట మళ్లీ అన్నది. మూడోసారి అనలేదు. ఒక్కసారి తలెత్తి బాలనర్సయ్య దిక్కు చూసి, మెడలోని పని కార్డు తీసి, ఇక రావద్దన్న సూపర్‌వైజర్ చేతిలో పెట్టింది. ఆ చూపు యాదృచ్ఛికమని బాలనర్సయ్య తనకు తాను చెప్పుకున్నాడు.

పొద్దున ఎనిమిదింటికి ఆయనే పెట్టాడు. వర్క్‌షాపులో ఏ పని పూర్తయినా గేటు దాటేముందు దానికి బొట్టు పెట్టడం వాళ్ల పద్ధతి. పంపు గాని, ప్రెస్సు డై గాని, ఆఖరికి తలుపు గొళ్లెం గాని బొట్టు లేకుండా బయటికి పోదు. గురువారం సాయంత్రం వ్యాను తొందర పెట్టడంతో ఆ పని మిగిలిపోయింది. రాత్రంతా అది ఆయన్ను తొలిచింది. అందుకని పొద్దున పాయింటు బిగించి, హాల్లో ఎవరూ లేరనుకుని, జేబులోని గుట్ట నర్సింహస్వామి కుంకుమ పొట్లం విప్పి, నీటి చుక్కతో తడిపి, ఉంగరం వేలితో పట్టాలు కలిసే ముక్కు మీద పెట్టాడు. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. అంతే.

ఆ పట్టాల్లోనే కరెంటు పారుతుందని ఆయనకు తెలియక కాదు. ఎడమ పట్టా కరెంటు కుడి పట్టాను అంటకూడదని, సన్నటి రంపంతో వెంట్రుక మందాన కోసి, ఆ సందులో బంక నింపింది ఆయనే. తడి కుంకుమ ఆ సందులోకి దిగిందేమో. దిగితే దీపాలు ఆరిపోవూ మరి?

పాయింటు ముక్కను విప్పి వ్యానులో పెట్టుకుని తిరిగి పోతుంటే, కూకట్‌పల్లి దాటాక రామచంద్రం అడిగాడు.

"నువ్వే గద నర్సయ్యా?"

ఆయన తలూపాడు.

రామచంద్రం అయిందేదో అయిందని, సోమవారం దాకా మౌనంగా ఉండమని, తప్పు మనదని తేలితే రేపు ఈ కంపెనీల గడప ఎవరూ తొక్కనియ్యరని చెప్పాడు. ఊడ్చేటోళ్లకేం, ఇంకో బిల్డింగుల దొరుకుతది అన్నాడు. మంచివాడే రామచంద్రం. తన పనివాళ్లలో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా దవాఖానకు తానే తీసుకుపోతాడు. కాని యాదమ్మ ఆ పనివాళ్లలో ఒకతె కాదు.

శనివారం బాలనర్సయ్య ఆ ముక్కను తన బెంచీ మీద పెట్టుకుని, భూతద్దం కళ్లకు తగిలించుకుని కూర్చున్నాడు. దాన్ని కట్టడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. రాగి పూత పూసిన అట్టను అగ్గిపుల్లల్లా కోసి వరుసగా పేర్చి, వాటి మీద పట్టాలను సీసంతో అతికించాడు. మామూలు పాయింటుకు కదిలే నాలుకలు, అంటే బండిని మళ్లించే కొస సన్నటి పట్టాలు, రెండుంటాయి. దీనికి నాలుగు. ఒక జత నాలుకల కడుపులో ఇంకో జత నాలుకలు ఇమడాలి. కొస తామరాకు అంచంత పలచగా రావాలి. ఎక్కువ రాస్తే వంగిపోతుంది, తక్కువ రాస్తే చక్రం దానికి తన్నుకుంటుంది. మొదటి రెండు నాలుకలు పాడయ్యాయి. మూడోసారి రాసేటప్పుడు ఆయన ఊపిరి కూడా బిగబట్టాడు. పట్టాల నడుమ ఎడం చూసుకోవడానికి ఇత్తడి దిమ్మెను తానే కోసుకున్నాడు. ఆ దిమ్మె మూడు దారుల్లోనూ ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు కాకుండా జారినప్పుడు, ఇరవై ఆరేళ్లలో ఇటువంటి పని చేయలేదనుకున్నాడు.

ఇప్పుడు అదే ముక్కలో తప్పు వెతుకుతున్నాడు. సందుల్లోకి సూది కొస పోనిచ్చి చూశాడు. కుంకుమ లేదు. పట్టాల పైన లేదు, పక్కన లేదు. తుడిచినట్టు మెరుస్తున్నాయి. దాంతో ఆయనకు ధైర్యం రావాల్సింది పోయి భయం ఎక్కువైంది. శుక్రవారం బొట్టు ఉంది, బండి పడింది. ఇప్పుడు బొట్టు లేదు. వైర్లు తగిలించి, ఒక్కో జత నాలుకలను తిప్పే మోటారుకు ఒక్కో బటన్ చొప్పున రెండు బటన్లతో ఇంజను తోలి చూశాడు. ఎడమ, నేరు, కుడి. మళ్లీ ఎడమ, నేరు, కుడి. నలభై సార్లు తోలితే నలభై సార్లూ వెన్నలా జారిపోయింది. ఇంకేముంది? తప్పు బొట్టుదే. బొట్టు తనది.

ఇంట్లో ఆయన కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతుంటే, కూర బాగలేదా అని భార్య భాగ్యమ్మ రెండుసార్లు అడిగింది. ఆదివారం పొద్దున స్నానం చేసి స్వామి పటం ముందు నిలబడ్డాడు. ప్రతిరోజూ లాగే కుంకుమ భరిణె తెరిచాడు. వేలు పెట్టబోయి ఆగాడు. దేవుడికి పెట్టినట్టే పెట్టిన బొట్టు. మంచి జరగాలనే పెట్టిన బొట్టు. అది ఇంకొకరి కూటి మీదికి ఎట్లా వచ్చింది? తప్పు బొట్టులో ఉందా, పెట్టి పెట్టలేదన్నట్టు నిలబడ్డ తన నోట్లో ఉందా? స్వామి పటంలో ఎప్పటిలాగే చూస్తున్నాడు. ఆయన భరిణె మూత పెట్టేశాడు.

"ఎటు వోతున్నవ్, ఐతారం పూట?" అని భాగ్యమ్మ అడిగితే, ఖాజాగూడ అని మాత్రం చెప్పాడు. యాదమ్మ ఉండేది అక్కడేనని శుక్రవారమే గేటు దగ్గర విన్నాడు.

ఖాజాగూడ బండల కింద, చెరువు దిక్కున, కొత్త మేడలు కట్టే కూలీల గుడిసెలు వరుసగా ఉన్నాయి. యాదమ్మ ఇల్లు అడిగితే నలుగురు నాలుగు విధాల చూశారు. ఆమె మహబూబ్‌నగర్ దిక్కు మనిషి, పెనిమిటి సెంట్రింగు పని చేస్తాడు. గుడిసె ముందు బండ మీద గిన్నెలు తోముతోంది. ఆయన్ను చూసి లేవలేదు. బూడిద చేతులు అట్లాగే పెట్టుకుని కూర్చుంది.

బాలనర్సయ్య దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. వాటిలో ఒక్కటే మిగిలింది.

"ఆ బొట్టు నేను పెట్టిన, యాదమ్మా."

"ఎర్కనే."

"ఏందీ?"

"నువ్వు పెడుతుంటే తలుపు సందుల నిలవడి చూసిన. దండం పెట్టుకుంటున్నవని లోపటికి రాలే." ఆమె గిన్నె బోర్లించింది. "నువ్వు కిందికి వోయినంక అదే తుడిచిన. సారు చూస్తే లొల్లి చేస్తడని, తడి బట్టతోని తుడిచి, మల్ల పొడి బట్టతోని తుడిచిన. మొదలు కండ్లకద్దుకున్న, దేవునిది గద. తుడుస్తుంటే జర పక్కకు అంటినట్టుంది."

బాలనర్సయ్య బండకు ఆనుకుని కూర్చున్నాడు.

"మరి ఆ మాట సారుకు చెప్పకపోయినవా?"

"ఏమని చెప్పాలె? తుడిచిన అంటే ముట్టినవ్ అంటరు. నువ్వు పెట్టినవ్ అంటే ఎవలు నమ్ముతరు? నువ్వు మేస్త్రీవి, నేను ఊడ్చేదాన్ని." ఆమె ఇంకో గిన్నె అందుకుంది. "నువ్వే చెప్తవనుకున్న. అందుకే నీ దిక్కు చూసిన."

రేపు పొద్దున సారుకు చెప్తానన్నాడు బాలనర్సయ్య. ఆమె గిన్నె తోముతూనే ఉంది. నిన్న ఇంకో రెండు మేడల్లో పని అడిగిందట. కార్డు ఎందుకు తీసుకున్నారని అడిగితే చెప్పలేక తిరిగి వచ్చిందట. ఇరుగుపొరుగు వాళ్లు దొంగతనమా అని గుసగుసలాడుతున్నారని, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది.

బస్సులో కూర్చున్నాక గాని ఆయనకు రెండో సంగతి తట్టలేదు. తడి బట్టతో ఒకసారి, పొడి బట్టతో ఒకసారి తుడిచింది. అంటే పదకొండింటికి పట్టాల మీద కుంకుమ లేదు. మరి బండి ఎందుకు పడింది?

ఇంటికి పోకుండా బాలానగర్‌లో దిగాడు. ఆదివారం వర్క్‌షాపు మూసి ఉంది. తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది. రేకు కింద మధ్యాహ్నపు వేడి కుమ్మరిస్తోంది. పాయింటును బెంచీ మీద పెట్టి, బటన్ల మీద చేతులు పెట్టాడు. ఎడమ, నేరు, కుడి. మళ్లీ మామూలే. బండి పడలేదు. చెమట తుడుచుకుని, ఈసారి శుక్రవారం తోలిన వరుసలోనే, నేరు, ఎడమ, కుడి అని, ఇంజనును కాకుండా తన చేతులను చూస్తూ తోలాడు.

అప్పుడు కనబడింది. ఎడమ నుంచి కుడికి మార్చేటప్పుడు, ఆయన ఎడమ చెయ్యి ముందుగా తన జతను నేరుకు తెచ్చేస్తోంది. టక్ అని అది కూర్చున్నాక గాని కుడి చెయ్యి కదలడం లేదు. ఆయన చేతులకు అది ఎవరూ చెప్పలేదు. ఒక తలుపు వేయకుండా ఇంకో తలుపు తీస్తే గాలికి కొట్టుకుంటుందని ఇంట్లో ఎవరికైనా తెలిసినట్టే తెలుసు. అందుకే ఆయన ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద రాయలేదు.

కంప్యూటరుకు చేతులెక్కడివి?

పాయింటును ఎడమకు పెట్టి, రెండు బటన్లూ ఒక్కసారే నొక్కాడు. కింద రెండు మోటార్లు సగం సగం మూలిగాయి. ఉన్న కరెంటు రెండింటికీ చాలలేదు. కుడి జత తిరిగింది, ఎడమ జత తిరగకుండా ఉన్నచోటే ఉండిపోయింది. నాలుగు నాలుకలూ ఎటువి అటు తెరుచుకుని, మూడు దారులకూ చెందని నాలుగో దారి ఒకటి అక్కడ ఏర్పడింది. ఇంజనును చేత్తో తోశాడు. ముందు చక్రాలు ఒక దిక్కు, వెనక చక్రాలు ఇంకో దిక్కు పట్టాయి. శుక్రవారం చూసిందే. అడ్డం తిరిగిన ఆ చక్రాలే రెండు పట్టాల కరెంటును కలిపి దీపాలు ఆర్పి ఉంటాయి.

బొట్టు చేసిన తప్పు కాదది. అయినా ఆయన గుండె తేలిక కాలేదు. బొట్టు తప్పు కాదని రుజువైతే యాదమ్మ మీద పడ్డ నింద మరీ అన్యాయమవుతుంది గదా.

సోమవారం ఏడింటికే హాల్లో ఉన్నాడు. స్రవంతి అంతకుముందే వచ్చి, గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. జపాను వాళ్లు పదిన్నరకు వస్తారట. ఆయన పాయింటును బల్ల మీద అమర్చి, పరీక్ష కోసమని వైర్లను క్లిప్పులతో తగిలించి, రెండు మోటార్ల సంగతి ఆమెకు చెప్పాడు. చేతులు చూపించి మరీ చెప్పాడు. ఆ పిల్ల రెండుసార్లు చూపించమంది. మూడోసారి చూపిస్తుంటే ఆమె మొహం ఎర్రబడింది.

"తప్పు నాదండి. రెండింటికీ ఒకేసారి పంపేశాను. ఎడమ నుంచి కుడికి తిన్నగా అంతకుముందెప్పుడూ వేసి చూడలేదు."

"నేను చెప్పలేదు బిడ్డా. చేతికి తెల్సు గదాని నోటికి రానియ్యలే."

ఆమె టకటకా నాలుగు వరుసలు కొట్టింది. ముందు నేరు. అర క్షణం ఆగు. తర్వాత కుడి. మీట నొక్కింది. టక్. అర క్షణం. టక్. ఇంజను ఎడమ దారి నుంచి వెనక్కి వచ్చి, కుడి దారిలోకి అలవోకగా జారుకుంది. ఇరవై సార్లు వేశారు. ఇరవై సార్లూ పోయింది.

తొమ్మిదింటికి మహేందర్, అతని వెనకే రామచంద్రం వచ్చారు. బండి పోవడం చూసి మహేందర్ ఊపిరి పీల్చుకుని, ఇక వైర్లు గట్టిగా అతికించి బయటికి వెళ్లమన్నాడు. బాలనర్సయ్య వైర్లు అతికించే వేడి సోల్డరింగు కడ్డీని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రామచంద్రం కళ్లతోనే వద్దంటున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ కళ్లకు ఎదురు చెప్పింది లేదు.

"సారు, శుక్రవారం బొట్టు పెట్టింది నేను. యాదమ్మ కాదు. బండి పడింది బొట్టుతోని గూడ కాదు."

మహేందర్ గడియారం చూసుకున్నాడు. సరే, బండి బాగైంది కదా, ఆ సంగతి ఇప్పుడెందుకన్నాడు. ఆమె తమ మనిషి కాదట, కాంట్రాక్టరు మనిషట. అయినా తర్వాత చూద్దామన్నాడు.

"తర్వాత కాదు సారు. ఆమె వచ్చినంకనే ఈ రెండు వైర్లు అతికిస్త."

మహేందర్ రామచంద్రం దిక్కు చూశాడు. రామచంద్రం నేల చూశాడు. స్రవంతి లేచి నిలబడి, తప్పు తన ప్రోగ్రాములో ఉందని, కార్డు తీసుకోవాలంటే తనది తీసుకోవాలని మెల్లగా అన్నది. మహేందర్ ఏదో ఇంగ్లీషులో గొణిగి ఫోను అందుకున్నాడు.

యాదమ్మ వచ్చేసరికి పది దాటింది. సూపర్‌వైజర్ స్కూటరు మీద తీసుకొచ్చాడు. ఆమె బల్ల దగ్గరికి రాలేదు, తలుపు దగ్గరే ఆగింది. బాలనర్సయ్య అంతసేపూ మనసులో ఒకటి అనుకుని ఉన్నాడు. బొట్టు పెట్టిందన్న నింద ఆమె మోసింది కాబట్టి, ఇవాళ ఆ బొట్టు ఆమె చేతితోనే పెట్టించాలని. కుంకుమ పొట్లం తీసి ఆమె ముందు పట్టాడు.

"నీ చేతితోని పెట్టు చెల్లె. అప్పుడు శురు చేద్దాం."

ఆమె పొట్లం దిక్కు చూసింది, ఆయన దిక్కు చూసింది.

"నాకు బొట్టెందుకన్నా? నా కార్డు ఇప్పియ్యి." తర్వాత మహేందర్ వైపు తిరిగింది. "సారు, నేను పెట్టలేదని ఈ సూపర్‌వైజర్‌తోని ఒక్క మాట చెప్పుండ్రి. గుడిసెల కాడ దొంగదంటున్నరు."

మహేందర్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె కదలకుండా నిలబడింది. కింద కారు చప్పుడైంది. అప్పుడతను తెలుగులో, అందరికీ వినబడేలా చెప్పాడు: "ఆమె పెట్టలేదు. ఆమె తప్పేం లేదు. కార్డిచ్చెయ్."

కార్డు మెడలో వేసుకుని ఆమె లోపలికి పోయింది. బాలనర్సయ్య పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమెకు గౌరవం చేస్తున్నాననుకున్నాడు. నిజానికి ఆ బొట్టుతో తన మనసే కడుక్కోవాలనుకున్నాడేమో. వంగి, రెండు వైర్లూ అతికించాడు.

దొరలు వచ్చే వేళకు పనివాళ్లెవరూ హాల్లో కనబడకూడదన్నారు. రామచంద్రం ఒక్క మాటా అనకుండా వ్యాను దగ్గరికి దిగిపోయాడు. బాలనర్సయ్య మాత్రం హాలు గోడ వెనక, చాయ్ కాచే చిన్న గదిలో నిలబడ్డాడు. అక్కడ యాదమ్మ తొట్టి దగ్గర కప్పులు కడుగుతోంది. గోడవతల కుర్చీల చప్పుడు, బూట్ల చప్పుడు, మహేందర్ గొంతు.

టక్. అర క్షణం. టక్. పట్టాల మీద చిన్న చక్రాల గరగర, దూరం దూరంగా పోయి వినబడకుండా అయింది. చప్పట్లు మోగాయి.

"వోయిందా?" అన్నది యాదమ్మ, తిరక్కుండానే.

"వోయింది."

ఆయన తొట్టి దగ్గరికి జరిగాడు. నీళ్లు పారుతున్నాయి.

"శుక్రవారం నాడే చెప్పాల్సింది యాదమ్మా."

ఊరుకో అన్నా, పోనియ్యి అన్నా, ఏదో ఒకటి అంటుందని ఆయన చూశాడు. ఆమె నల్లా కట్టేసింది.

"అవునన్నా, చెప్పాల్సింది," అన్నది.

ఆ మాటలో కోపం లేదు. క్షమించినట్టూ లేదు. కడిగిన కప్పులు రెండు వరుసల్లో పెట్టి, పొడి బట్ట ఒకటి ఆయన చేతికిచ్చింది. లోపల పన్నెండు మంది ఉన్నారని, తానొక్కతే అయితే చాయ్ చల్లారిపోతదని చెప్పింది. బాలనర్సయ్య బట్ట అందుకుని, మొదటి కప్పును లోపలా బయటా, పిడి సందున కూడా, తడి లేకుండా తుడవడం మొదలుపెట్టాడు.